కూతలో వచ్చిన పేరు

మిషను ఆపొద్దు జుబేదా. కుట్టుకో. ఆ చప్పుడుంటేనే నాకు నోరు పెగిలేట్టుంది.

పొద్దుట్నుంచి ఒకటే ఫోన్లమ్మా! ఒకడు శభాష్ అంటాడు, ఇంకొకడు నోటితో అనరాని మాటలంటాడు. శభాష్ అన్నవాడికి మా మనవరాలి పేరు సరిగ్గా తెలీదు, తిట్టినవాడికి కబడ్డీ తెలీదు. ఏంది ఈ గోల? మా అబ్బాయి ఆనంద్ విసుగెత్తి నా ఫోను తీసుకుపోయి బియ్యం డబ్బాలో పడేశాడు. అందులోనూ మోగింది. బియ్యంలోంచి గుర్రు గుర్రుమంటా, లోపల పిల్లి దూరినట్టు.

వద్దులే, కుర్చీ వద్దు. ఈ మెట్టు చాలు. ఈ మోకాళ్లతో కూర్చోవడం సులువే, లేవడమే నలుగురి పని.

దీప్తి ఆడిన వీడియో చూశావు గదా? ... ఊఁ. మరి నాది? టీవీ వాళ్లు తీసింది? ... అడ్డంగానూ కాక నిలువుగానూ కాక తల అట్లా ఊపితే నేనేమనుకోవాలి? సరే, దాని దగ్గరికి వస్తా. మొదట్నుంచి చెప్పనీ. నడిమధ్యలో అందుకుంటే నాకు పాఠం నడవదు, తెలుసుగా.

ముందు ఆట సంగతి చెబుతా. నీకు తెలిసిందే కావచ్చు, అయినా విను.

కబడ్డీలో కూతకు వెళ్లిన పిల్ల, మధ్య గీత దాటిన దగ్గర్నుంచి మళ్లీ ఇటు వచ్చి పడేదాకా, ఒక్క ఊపిరి మీద 'కబడ్డీ కబడ్డీ' అంటానే ఉండాలి. ఆపగూడదు. గాలి పీల్చగూడదు. ఇంకో మాట అనగూడదు. మన వీధిలో అయితే ఎవడు పట్టించుకుంటాడు? అంతర్జాతీయ పోటీల్లో మాత్రం గట్టిగా చూస్తారు. వేరే మాట నోట్లోంచి వస్తే అంపైరు వెనక్కి పొమ్మంటాడు, అవతలి జట్టుకు ఒక పాయింటు రాస్తాడు. మంచి నిబంధనే. లేకపోతే ఒక్కొక్కరు ఒక్కొక్క పాట అందుకుంటారు.

మన దీప్తి ఏం చేసింది? ఆ గల్ఫ్ దేశంలో, సుభానీ కట్టిన ఆ స్టేడియంలో, సెమీఫైనల్లో, కూతకు వెళ్లి నీ మొగుడి పేరు ఎత్తింది.

సుభానీ, సుభానీ, సుభానీ, సుభానీ...

అంపైరు ఈల వేశాడు. చెయ్యి ఊపాడు. అది వినలా. ఊపిరి అయిపోయేదాకా అంటానే ఉంది. అవతలి పిల్లలు పట్టుకోవడం కూడా మానేసి చూస్తా నిలబడ్డారు. సీట్లు నింపడానికి పనివాళ్ల క్యాంపుల్లోంచి బస్సుల్లో జనాన్ని తోలుకొచ్చి పై మెట్ల మీద కూర్చోబెట్టారంట. ఆ పైనుంచి ఒక మగ గొంతు తెలుగులో అరిచిందంట, 'ఏ ఊరమ్మా మీది?' అని. దీప్తి చెప్పింది నాకు. టీవీలో అది వినపడలేదు.

ఎందుకు ఎత్తిందో నీకు నేను చెప్పక్కర్లేదు. అయినా చెప్పనీ. బయట ఎక్కడా చెప్పలా, ఇక్కడన్నా చెప్పుకోనీ.

దీప్తి ఆరో తరగతిలో ఉన్నప్పుడు మన స్కూలు వెనకాల ఆ రాళ్ల నేలలో ఆడపిల్లలకు కోర్టు ఎవడు గీసిచ్చాడు? హెడ్‌మాస్టరా? ఎమ్మెల్యేనా? సున్నపు బట్టీ దగ్గర పనిచేసే సుభానీ! ప్రతి ఆదివారం డ్యూటీ దిగి, చినిగిన సిమెంటు సంచిలో చల్లారిన సున్నం పొడి పోసుకుని వచ్చేవాడు. తాడు కట్టి, మోకాళ్ల మీద పాక్కుంటా గీసేవాడు. గీసి నన్ను పిలిచేవాడు. 'టీచరమ్మా, స్కేలు పెట్టి చూసుకో. వంకరుంటే రెండు దెబ్బలెయ్యి' అనేవాడు. నా దగ్గర ఐదో తరగతి దాకా చదివినవాడు గదా, పెళ్లయి పిల్లలు పుట్టినా ఆ దెబ్బల లెక్క మర్చిపోలా. దీప్తి గీత తొక్కితే, 'ఏమే, నా గీత చెరిపావంటే మీ నానమ్మ జీతంలో కోయిస్తా' అని దాన్ని ఏడిపించేవాడు. అదేమో 'సుభానీ మామా, నీకు గీతలు తప్ప ఆట రాదుగా' అని వెక్కిరించేది.

వాడికి పేరు రాయడం నేర్పింది నేనే. ఎప్పుడూ 'సుబానీ' అనే రాసేవాడు. 'ఒరేయ్, బాతులో బా కాదురా, భారతదేశంలో భా' అని చెవి మెలేసేదాన్ని.

బట్టీ దుమ్ము పడటం లేదని గల్ఫ్ పోయాడు. పోయేముందు చెప్పడానికొచ్చాడు. 'స్టేడియం కడుతున్నారంట టీచరమ్మా, ప్రపంచమంతా వచ్చి ఆడతారంట. గీతలు నేనే గీస్తా, చూస్తా ఉండు' అని నవ్వాడు. అక్కడ వాడికి ఇచ్చింది ఎర్రటెండలో ఇనుప చువ్వలు కట్టే పని. పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడన్నారు. గుండె ఆగింది, సహజ మరణం అన్నారు. నువ్వు అప్పుడు నన్నడిగావు, 'ముప్పై నాలుగేళ్లకు గుండె ఊరకే ఎందుకు ఆగిద్ది టీచరమ్మా?' అని. నేను అక్కణ్నుంచి వచ్చిన ఆ ఇంగ్లీషు కాగితం తెలుగులో చదివిపెట్టి, నీ ఇంట్లో టీ తాగి, లేచి వచ్చేశా.

దీప్తి బయల్దేరే ముందు నీ దగ్గరికి వచ్చింది గదా. నువ్వేమడిగావు దాన్ని? నినాదాలు చేయమన్నావా? జెండా పట్టుకోమన్నావా? ఆ గోడల ఫోటో ఒకటి తీసి పంపమన్నావు. అంతే. అంతకన్నా చిన్న కోరిక ఉంటదా? దానికి కూడా నేను దాన్ని పక్కకు పిలిచి, 'ఆటకు పోతున్నావు, ఆడి రా. ఈ తలనొప్పులు నెత్తిన పెట్టుకోకు' అని చెప్పి పంపించా.

... పంపిందా? ఫోటో? ఏదీ, చూడనీ. ... చానా పెద్దదే. పైకప్పు అంతెత్తున ఉంది. నాకు చెప్పనే లేదు. నాకు చెప్పకుండా చేసిందంటే, నన్ను బాగానే చదివిందన్నమాట.

ఇంతకీ ఒక్క పాయింటుతో ఓడిపోయారు. దీప్తి కూత ఆట మొదట్లోది. ఆ తర్వాత ఎన్ని తప్పులు జరిగాయి! ఒక పిల్ల కాలు జారి గీత దాటింది. ఇంకో పిల్ల తొందరపడి పట్టు వదిలేసింది. అవన్నీ ఎవడికి గుర్తు? లెక్క వెనక్కి చేసుకుంటా చేసుకుంటా ఆ ఒక్క పాయింటు దగ్గరికే వచ్చి ఆగారు. జట్టులో పిల్లలు కూడా దానితో మాట మానేశారంట. వాళ్లను మాత్రం ఏమంటాం? వాళ్లవీ కష్టాలే గదా. ఆవులు కాసే పిల్ల ఉంది అందులో, ఇటుకలు మోసే పిల్ల ఉంది.

'అనుకుని అన్నావా?' అని అడిగా ఫోన్లో. 'లేదు నానమ్మా' అంది. 'గీత దగ్గర వంగి నేలను తాకి కళ్లకద్దుకున్నా. ఈ నేల ఎవరిది అనిపించింది. లేచేసరికి నోట్లోకి ఆ పేరే వచ్చింది. వచ్చాక మార్చబుద్ధి కాలా' అంది.

మార్చబుద్ధి కాలేదంట! దాని బుద్ధికి రైల్వే ఉద్యోగం గుర్తుకురాలా చూడు.

అవును మరి, అదే గదా నా భయమంతా. ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం చేతి దాకా వచ్చి ఉంది. ఆట పెద్దలు ఏమన్నారు? 'ఆటలోకి రాజకీయం తెచ్చావు, ఆతిథ్యమిచ్చిన దేశాన్ని అవమానించావు' అన్నారు. విచారణ అన్నారు. అది తేలేదాకా ఆడగూడదన్నారు. నిషేధం పడితే ఉద్యోగమూ పోయినట్టే. అది పోతే ఏముంది దానికి? నడుం పడిపోయిన లారీ డ్రైవరు తండ్రి, నా పింఛను. మళ్లీ ఏ క్వారీ దగ్గరో తట్ట పట్టుకోవాలి. ఆ కాళ్లు, ఆ ఊపిరి... తట్ట మోయడానికా?

ఒక మనిషి పేరు రాజకీయం ఎట్లా అయిద్ది అని నువ్వు అడగొచ్చు. నువ్వు అడగవులే. నేనే అడుగుతున్నా.

ఢిల్లీ నుంచి ఆ ఆట పెద్దల్లో ఒకాయన ఫోను చేశాడు. తెలుగాయనే. చానా మర్యాదస్తుడు. 'మేడమ్ గారూ, మీరు ఉపాధ్యాయులు, మీకు తెలియనిదేముంది? ఆట వేరు, హక్కుల గొడవలు వేరు. గీత లోపలికి బయటి గొడవ రాకూడదు. వస్తే ఆటే మిగలదు' అన్నాడు.

విన్నావా జుబేదా? ఆ మాట నాది! అక్షరాలా నాది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గురజాల అవతల ఒక ఊళ్లో వేశారు. పేరెందుకులే, ఇప్పుడు బాగానే ఉన్నారు వాళ్లు. అప్పుడు మాత్రం రెండు పార్టీలు. రెండు పార్టీలకు రెండు టీ కొట్లు, రెండు బోరింగులు, పొలానికి రెండు దారులు. బళ్లో కిటికీ వైపు ఒక పార్టీ పిల్లలు, తలుపు వైపు ఇంకో పార్టీ పిల్లలు. ఒకడి పెన్సిలు దొర్లి అటు పోతే తీసిచ్చేవాడు లేడు. నేనేం చేశా? కబడ్డీ పెట్టా. జట్లు నేనే కలిపా, ఇటు నలుగురు, అటు ముగ్గురు. 'గీత లోపలికి మీ నాన్నల గొడవ తెచ్చారంటే బెత్తం విరిగిద్ది' అన్నా. మొదటి రోజు చేతులు పట్టుకోమంటే చొక్కా అంచులు పట్టుకున్నారు, చర్మం తగలకుండా! కొన్నాళ్లకు గొలుసు కట్టి నిలబడ్డారు. వాళ్ల నాన్నలు గోడవతల నిలబడి చూసేవాళ్లు. విడివిడిగానే. కానీ చూసేవాళ్లు.

అది అబద్ధమా? కాదు. గొడవను గీత దాటనివ్వకపోబట్టే ఆ పిల్లల చేతులు కలిశాయి. దేశాల సంగతీ అంతే గదా అనుకున్నా. సరిహద్దులో తుపాకులు పెట్టుకున్నవాళ్లు కూడా ఆట దగ్గర చెయ్యి కలుపుతారు. ప్రతి ఆటగాడూ ఒక గాయం పట్టుకొచ్చి మధ్యలో పరిస్తే ఇక ఆడేదెక్కడ? అసలు మచ్చ లేని దేశం ఏదుంది, అక్కడికే పోయి ఆడదామనుకోవడానికి? మనది మాత్రం? మన బట్టీల్లో, మన క్వారీల్లో పోయినవాళ్ల పేర్లు ఎవడు కూత పెట్టాడు? ఇదంతా నేను ఆలోచించా. ఇందులో సగం ఇప్పటికీ నిజమే అనుకుంటా.

రెండో సగం మొన్న పాలు కాస్తుంటే తట్టింది. ఆ ఊళ్లో గొడవ గోడవతలది. మా కోర్టు కింద ఎవరూ లేరు. అక్కడ అట్లా కాదు గదా? దీప్తి బయటి గొడవను లోపలికి మోసుకుపోలా. అది లోపలే ఉంది. ఆ గోడల్లో, ఆ చువ్వల్లో, కట్టేటప్పుడే కలిపి పోసేశారు. ఆటలో గీత తొక్కితే చూడటానికి అంతమంది అంపైర్లు! ఎండలో మనిషి పడిపోతే ఈల వేసేవాడు ఒక్కడు లేడే! ముందే ఉన్నదాన్ని పట్టుకుని, ఈ పిల్ల తెచ్చింది అంటే ఎట్లా?

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. అప్పటికే ఆలస్యమైంది. టీవీ వాళ్లు ముందురోజే వచ్చిపోయారు.

ఇదిగో, ఇదే నా వీడియో సంగతి.

సాయి కిరణ్ అని నరసరావుపేట విలేకరి. చొక్కా గుండీకి మైకు పెట్టుకుని వచ్చాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వెనకాల దీప్తి కప్పులన్నీ సర్దించాడు. 'అమ్మా, మీ మనవరాలు ఆ పేరు ఎందుకు ఎత్తింది?' అన్నాడు.

నేను పాఠం మొదలెట్టా. గొంతు ఎంత బాగా పలికిందో అనుకున్నావు! 'మా పల్నాట్లో పిల్లలకు ఊపిరి పట్టడం నేర్పేటప్పుడు ఒక్క కబడ్డీ అనే అనిపించం నాయనా. పద్నాలుగో ఎక్కం అప్పజెప్పిస్తాం. మాచర్ల, గురజాల, దాచేపల్లి అని ఊళ్ల పేర్లు వరస పెట్టిస్తాం. వీధిలో మనుషుల పేర్లు పట్టిస్తాం. పిల్లకు అదే అలవాటు. ఒత్తిడిలో ఏదో పాత పేరు నోటికొచ్చింది' అన్నా.

అందులో అబద్ధం ఎంత చెప్పు? ఎక్కాలు నిజం. ఊళ్ల పేర్లు నిజం. నేనే నేర్పా. జీవితమంతా పిల్లల అబద్ధాలు పట్టుకుంటా బతికినదాన్ని, ఏది నిలబడిద్దో ఏది దొరికిపోయిద్దో నాకు తెలీదా? చుట్టూ నిజాలు పేర్చి మధ్యలో ఒక్కటి పెట్టాలి.

వాడు వదల్లా. 'మీ వీధిలో సుభానీ అనే ఆయన అక్కడే స్టేడియం పనిలో చనిపోయాడంట గదమ్మా?' అన్నాడు.

'ఆ పేరు గలవాళ్లు మా ఊళ్లో వీధికి ముగ్గురున్నారు నాయనా' అన్నా.

'అంటే, ఆమె పిలిచిన సుభానీ ఎవరూ కాదా?'

'ఎవరూ కాదు' అన్నా.

... ఎందుకాపావు? కుట్టవే. కుట్టు తల్లీ. అట్లా చూడకు. చూస్తే ఇక నేను చెప్పలేను. ఇంకా ఉంది. అసలుది ఇంకా ఉంది.

... ఆఁ. అట్లా.

ఆదివారం బడిలో, ఏసుప్రభువును మూడుసార్లు కాదన్న పేతురు కథ నేను చెప్పినట్టు ఈ పిడుగురాళ్లలో ఎవరూ చెప్పలేరు. 'ఆ మనిషిని నేనెరుగను' అనే చోట గొంతు బాగా తగ్గించేదాన్ని. వెనక చాప మీద పిల్లలు ముక్కులు ఎగబీల్చేవాళ్లు. ఆయనకు తప్పు గుర్తుచేయడానికి కోడన్నా కూసింది! నాకేం కూసింది? సాయి కిరణ్ వైర్లు చుట్టుకుంటా, 'బ్రహ్మాండంగా చెప్పారమ్మా, ఒక్క టేకులో అయిపోయింది' అన్నాడు. చర్చిలో ఆడవాళ్లు కూడా 'కృపామణమ్మా, పిల్లని కాపాడుకున్నావు' అని చేతులు పట్టుకున్నారు. మా ఆనంద్ మాత్రం కంచంలో అన్నం కెలుకుతా, 'సుభానీ నా పెళ్లిలో పందిరి గుంజలు పాతాడమ్మా' అన్నాడు. అంతే. చెయ్యి కడుక్కుని పోయాడు.

పోనీలే, పాపం నా ఒక్కదాని నెత్తిన ఉంటది, పిల్ల బయటపడిద్ది అనుకున్నా. పడలా. ఆ ఢిల్లీ ఆయన మళ్లీ ఫోను. 'మీరు టీవీలో చెప్పిన ముక్క అద్భుతం మేడమ్ గారూ. అదే ముక్క అమ్మాయి కూడా కెమెరా ముందు చెప్పేస్తే విచారణ అక్కడితో మూసేస్తాం. మొండికేస్తోంది. మీరే నచ్చజెప్పాలి' అని దాన్ని లైన్లోకి ఇచ్చాడు. జట్టు ఢిల్లీలో దిగగానే దాని ఫోను వాళ్లు తీసేసుకున్నారుగా, ఆయన ఫోన్లోనే మాట్లాడాలి.

'నానమ్మా' అంది. 'నువ్వు చెప్పింది చూశా' అంది. తిట్టిద్దనుకున్నా. తిట్టలా. 'నా కోసమే చెప్పావులే' అంది. తిట్టినా బాగుండేది.

తర్వాత ఏమందో తెలుసా? 'నాకు ఉద్యోగం కావాలి నానమ్మా. ఆట కావాలి. నేనేం పెద్ద ధైర్యవంతురాలిని కాదు. కానీ ఆ మాట నేననాలంటే జుబేదా అత్త ఒప్పుకోవాలి. పోయి అడుగు. నిజంగా అడుగు. ఆమె వద్దంటే నేను చెప్పను, నిషేధం వేసుకోనీ. కాసేపాగి మళ్లీ ఫోను ఇస్తామన్నారు' అంది.

చెప్పులేసుకున్నా. బయల్దేరా. నిజంగానే బయల్దేరా జుబేదా, ఒట్టు. కిరాణా కొట్టు దాటా. మలుపు తిరిగా. నీ మిషను చప్పుడు వినపడింది. తలుపు బార్లా తీసి ఉంది. ఇక్కడే కూర్చుని, వంగి సూదిలోకి దారం ఎక్కిస్తున్నావు. ఒకసారి తప్పింది. నోట్లో తడిపి మళ్లీ పెట్టావు. అప్పుడు 'జుబేదా' అని ఒక్క కేక వేస్తే అయిపోయేది.

ఏమని అడగాలి? 'అమ్మాయ్, నీ మొగుడు ఎవరూ కాదని చెప్పుకుంటాం, నీకేమన్నా అభ్యంతరమా?' అనా? నువ్వు వద్దంటే? వద్దనే హక్కు నీకుంది గదా, అదీ నా భయం! సరేనంటావేమో అని ఇంకో భయం. నువ్వు సరేనని ఉంటే ఆ మొహం నేను చూడలేను.

నిలబడి నిలబడి వెనక్కి తిరిగా. కొట్టులో ఒక కట్ట కొత్తిమీర కొనుక్కున్నా, వచ్చిన పని అదే అన్నట్టు.

ఫోను వచ్చింది. 'అడిగావా నానమ్మా?' అంది.

'అడిగా' అన్నా.

'ఏమంది?'

... విను జుబేదా. తల ఎత్తకుండా విను. 'సరేనంది తల్లీ. పోయినోడు ఎట్లాగూ రాడు, నా బిడ్డలాంటి దాని బతుకు పాడుచేయను అంది' అన్నా. నువ్వు అనని మాట! నువ్వు ఎట్లా అంటావో అట్లాగే, అచ్చం నీ గొంతు పెట్టుకుని అన్నా. ఇంత వయసొచ్చి నీ గొంతు దొంగిలించా.

అది ఫోన్లోనే వెక్కి వెక్కి ఏడ్చింది. 'జుబేదా అత్తది ఎంత పెద్ద మనసో చూడు' అంది. కళ్లు తుడుచుకుని పోయి కెమెరా ముందు చెప్పేసింది. 'ఆ పేరుకు ఏ అర్థమూ లేదు, అలవాటుగా వచ్చింది' అని. పొద్దున వచ్చింది ఆ వీడియో. ఈ ఫోన్లన్నీ అందుకే. నువ్వు దాన్ని చూడకు. ... చూశావా? ఎప్పుడు? ... అయితే పొద్దుట్నుంచి నువ్వు ఏమనుకుంటా కుడుతున్నావు జుబేదా? ఆ పిల్లే మిమ్మల్ని కాదంది అనుకుంటున్నావా?

కాదే! అది కాదు. నేను. అంతా నేను.

విచారణ మూసేశారు. ఆట ఉంటది. ఉద్యోగం వచ్చిద్ది. నేను గెలిచా, చూడు!

క్షమించమని అడగడానికి వచ్చాననుకుంటున్నావేమో. అట్లా అనుకోకు. అట్లా అయితే నేను కాస్త మంచిదాన్ని అయిపోతా. దీప్తి హైదరాబాదులో దిగింది. బస్సెక్కింది. సాయంత్రానికి వచ్చిద్ది. మా ఇంటికి రాదంట ముందు. తిన్నగా నీ దగ్గరికే వచ్చి నీ కాళ్లు పట్టుకుంటదంట, ఒప్పుకున్నందుకు. అందుకొచ్చా నేను. అది ఆ మాట అన్నప్పుడు, 'నన్నెవరడిగారు?' అనకుండా... నువ్వు ఊఁ అంటే చాలు. ఒక్క ఊఁ. నీ మొగుడి పేరు తీసుకున్నా, నీ మాట తీసుకున్నా, అవి చాలక ఇంకా అడగడానికి నోరుంది నాకు. చూడు, ఉంది.

... ఏందీ? మెల్లగా అన్నావు, వినపడలా.

... ఇక్కడా? నేనా? అది వచ్చేదాకానా?

నీ ముందర, నేనే చెప్పాలా దానికి?

జుబేదా, నాకున్నది ఆ ఒక్క పిల్లే. 'నానమ్మా' అని అంత నమ్మకంగా పిలిచిద్దే! నిజం చెబితే అది ఊరుకునే పిల్లా? రేపే పోయి కెమెరా ముందు ఇంకోటి చెబుతుంది. మళ్లీ విచారణ, మళ్లీ నిషేధం. చేసిందంతా...

... ఊఁ. అవును. చేసిందంతా నేనే. ఇందాక నా నోటితోనే అన్నా.

సరే. కూర్చుంటా. బస్సుకు ఇంకా చానా పొద్దుంది. కానీ నా మీద నమ్మకం పెట్టుకోకు జుబేదా. అది గుమ్మంలోకి వచ్చి బ్యాగు కింద పెట్టగానే నా నోట్లోంచి ఏ పాఠం వచ్చిద్దో నాకే తెలీదు.